జెపెగ్ ఎక్స్‌ఎల్ కేస్ స్టడీ: అంతర్జాతీయ ప్రమాణాన్ని ఒక్క బ్రౌజర్ ఎలా ఆపగలిగింది

2022 అక్టోబర్ చివర్లో, క్రోమ్‌కు ఆధారమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ క్రోమియం బగ్ ట్రాకర్‌లోని 1178058 నంబరు ఇష్యూ కింద క్రోమ్ బృందం ఓ చిన్న నోట్ పెట్టింది. జెపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త ఇమేజ్ ఫార్మాట్‌లోని ఫొటోలను చూపించే ప్రయోగ కోడ్‌ను, దాన్ని ఆన్ చేసే ఫ్లాగ్‌ను (మామూలుగా కనబడని సెట్టింగ్‌ను) 110వ వెర్షన్‌లో తీసేస్తున్నామని అందులో ఉంది. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ 110 వచ్చింది, కోడ్ పోయింది. నోట్ పెట్టేనాటికి ఆ ఫార్మాట్ ఐఎస్‌ఓ/ఐఈసీ 18181 నంబరుతో అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయి ఏడు నెలలే అయింది.

బ్రౌజర్లలో ఒకే కంపెనీ ఆధిపత్యం గురించిన చర్చ చాలాసార్లు మార్కెట్ వాటా శాతాల దగ్గరే ఆగిపోతుంది. ఆ శాతం ఏ దారిన అధికారంగా మారుతుందో చూడాలంటే మాత్రం ఇలాంటి ఒక్క కేసును విప్పి చూడాలి. ఇక్కడ ఎవరూ ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు. పేటెంట్ గొడవ లేదు, రహస్య ఒప్పందం లేదు. నిర్ణయం అందరూ చదవగలిగే చోటే వెలువడింది. అయినా రాయల్టీ లేని ఒక ఓపెన్ ఫార్మాట్ వెబ్‌లో దాదాపు మూడేళ్లు అడుగు కదపలేకపోయింది. అదెలా జరిగింది, ఇలాంటి నిర్ణయాల నడుమ పెద్ద ఫొటో నిల్వలు నడిపేవాళ్లు ఏ జాగ్రత్తలతో పని చేయాలి అన్నవే ఇక్కడి రెండు అంశాలు.

ఫార్మాట్‌లో అసలు ఏముంది

జెపెగ్ కమిటీ 2018లో కొత్త ఫార్మాట్‌కు ప్రతిపాదనలు పిలిచింది. వచ్చిన ఏడింటిలో రెండింటిని కలిపి పునాదిగా తీసుకుంది. ఒకటి గూగుల్ రీసెర్చ్ జ్యూరిక్ బృందం చేసిన పిక్, రెండోది క్లౌడినరీ సంస్థ చేసిన ఎఫ్‌యూఐఎఫ్. అంటే ఈ ఫార్మాట్‌ను సగం కట్టింది గూగుల్ ఇంజనీర్లు; బ్రౌజర్‌లోంచి తీసింది అదే కంపెనీలోని మరో బృందం. అందుకని దీన్ని బయటివాళ్ల టెక్నాలజీని గూగుల్ తొక్కేసిన కథగా చదివితే తప్పుతుంది. ఒక కంపెనీలోని ఒక బృందం అంచనా ప్రపంచం మొత్తానికి తీర్పు అయిపోయిందన్నదే ఇక్కడి సమస్య.

బిట్‌స్ట్రీమ్, అంటే ఫైల్‌లో బిట్ల అమరిక, 2020 డిసెంబర్‌లో ఖరారైంది. ఫైల్ ఫార్మాట్ భాగం 2021 అక్టోబర్‌లో, ముఖ్యమైన కోడింగ్ భాగం 2022 మార్చిలో ప్రమాణాలుగా వచ్చాయి. ఈ ఫార్మాట్‌ను చదివి రాసే రిఫరెన్స్ లైబ్రరీ లిబ్‌జెఎక్స్‌ఎల్‌ను బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు.

సాంకేతికంగా ఇందులో అన్నిటికన్నా విలువైనది పాత జెపెగ్ ఫైళ్లను నష్టం లేకుండా కుదించడం. మామూలుగా జెపెగ్‌ను వెబ్‌పి, ఏవీఐఎఫ్ లాంటి వేరే ఇమేజ్ ఫార్మాట్‌లోకి మార్చాలంటే ముందు పిక్సెళ్లుగా విప్పాలి, మళ్లీ కొత్త పద్ధతిలో కుదించాలి. ప్రతి మార్పిడిలోనూ కొంత నాణ్యత పోతుంది. జెపెగ్ ఎక్స్‌ఎల్ పిక్సెళ్ల దాకా వెళ్లదు. పాత ఫైల్‌లోని డీసీటీ గుణకాలను (జెపెగ్ బొమ్మను దాచుకునే సంఖ్యలను) ఉన్నవున్నట్టే తీసుకుని, వాటిని తక్కువ బిట్లలో రాసే పాత హఫ్‌మన్ కోడింగ్ స్థానంలో మెరుగైన ఎంట్రోపీ కోడింగ్ పెడుతుంది. ఫైల్ సుమారు 20 శాతం తగ్గుతుంది. పాత ఫైల్‌ను తిరిగి కట్టడానికి కావలసిన వివరాలు జేబీఆర్‌డీ అనే చిన్న బాక్స్‌లో దాచుకుంటుంది కాబట్టి, ఎప్పుడు కావాలన్నా అసలు జెపెగ్ ఒక్క బైట్ తేడా లేకుండా వెనక్కి వస్తుంది.

జెపెగ్ 1992 నాటి ప్రమాణం. మూడు దశాబ్దాల ఫొటోలు ఆ రూపంలోనే ఉన్నాయి. సగటున 400 కేబీ ఉన్న ఫొటోలు కోటి ఉన్నాయనుకుంటే నిల్వ 4 టీబీ అవుతుంది. నాణ్యత విషయంలో ఒక్క నిర్ణయం కూడా తీసుకోకుండా అందులో 800 జీబీ తగ్గించవచ్చు. ఈ పని చేయగల ఫార్మాట్ బ్రౌజర్ల దగ్గర మరొకటి లేదు.

మిగతా లక్షణాలు క్లుప్తంగా: ఛానెల్‌కు 32 బిట్ల వరకు, ఒక్కో వైపు వంద కోట్ల పిక్సెళ్లకు పైగా, ఫైల్ పూర్తిగా అందకముందే మసకగా కనబడి క్రమంగా తేటపడే ప్రోగ్రెసివ్ డీకోడింగ్. పోలికకు, వెబ్‌పి ఒక్కో వైపు 16383 పిక్సెళ్ల దగ్గర, 8 బిట్ల దగ్గర ఆగిపోతుంది. ఏవీఐఎఫ్ 12 బిట్ల దాకా వెళ్తుంది. అది ఏవీ1 అనే వీడియో కోడెక్ (కుదించి విప్పే పద్ధతి)లోంచి పుట్టింది. బాగా తక్కువ సైజుకు కుదించాల్సివచ్చినప్పుడు ఏవీఐఎఫ్‌దే పైచేయి, దాన్ని కాదనకూడదు. ఎక్కువ నాణ్యత కావాల్సిన చోట, ఎన్‌కోడింగ్ వేగం ముఖ్యమైన చోట జెపెగ్ ఎక్స్‌ఎల్ ముందుంటుంది.

నాలుగు కారణాలు, ఒక్కొక్కటిగా

క్రోమ్ 91 నుంచి, అంటే 2021 మే నుంచి, జెపెగ్ ఎక్స్‌ఎల్ ఫ్లాగ్ వెనక ఉంది. తీసేయడానికి చెప్పిన కారణాలు ఇవి: ప్రయోగ కోడ్ ఎల్లకాలం ఉండకూడదు, మొత్తం ఎకోసిస్టమ్ నుంచి తగినంత ఆసక్తి లేదు, ఉన్న ఫార్మాట్లతో పోలిస్తే అదనపు లాభం చాలదు, కోడ్ తీసేస్తే నిర్వహణ భారం తగ్గుతుంది.

మొదటిది న్యాయమే. ఫ్లాగ్ వెనక ఏళ్ల తరబడి పడున్న కోడ్ ఎవరికీ మంచిది కాదు. కానీ దానికి రెండు పరిష్కారాలున్నాయి, తీసేయడమో ఆన్ చేయడమో. ఏది ఎంచుకోవాలో ఈ కారణం చెప్పదు.

రెండో కారణం దగ్గర ఆగి ఆలోచించాలి. అదే ఇష్యూ కింద ఫేస్‌బుక్, అడోబీ, ఇంటెల్, షాపిఫై లాంటి సంస్థల వాళ్లు మద్దతు రాతపూర్వకంగా పెట్టారు. అయినా ‘ఆసక్తి లేదు’ అన్న మాట ఎందుకు నిలబడింది? ఫ్లాగ్ వెనక ఉన్న ఫీచర్‌కు వాడకం లెక్క ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది. మామూలు వినియోగదారు ఫ్లాగుల పేజీ తెరవడు. వినియోగదారుల దగ్గర పని చేయని ఫార్మాట్‌లో ఏ వెబ్‌సైటూ ఫొటోలు పంపదు. సైట్లు పంపడం లేదు కాబట్టి బ్రౌజర్ ఆన్ చేయదు. బ్రౌజర్ ఆన్ చేయలేదు కాబట్టి సైట్లు పంపవు. చిన్న బ్రౌజర్ ఈ వలయంలో ఇరుక్కుంటే దానికే నష్టం. మూడింట రెండు వంతుల వాడకం ఉన్న బ్రౌజర్ విషయంలో వలయాన్ని తెంచే కత్తెర దాని చేతిలోనే ఉంటుంది. అందువల్ల ‘ఎకోసిస్టమ్‌లో ఆసక్తి లేదు’ అన్న కొలతను కొలిచేదీ అదే, ఆ కొలతకు కారణమూ అదే.

మూడో కారణానికి ఆధారంగా క్రోమ్ కోడెక్ బృందం పోలిక గణాంకాలు ప్రచురించింది. అవి వచ్చింది డిసెంబర్‌లో. నిర్ణయం వెలువడింది అక్టోబర్‌లో. ఇమేజ్ కోడెక్ పోలికలు చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ నాణ్యత పరిధిలో పోల్చారు? ఏ కొలమానంతో? ఎన్‌కోడర్‌ను ఏ వేగంలో నడిపారు? పిక్సెల్‌కు 0.3 బిట్ల దగ్గర గెలిచే కోడెక్ 1.5 బిట్ల దగ్గర ఓడిపోవచ్చు. ఎంఎస్-ఎస్‌ఎస్‌ఐఎం అనే నాణ్యతా కొలమానం ఇచ్చే వరుస ఒకటైతే, సిములాక్రా 2 ఇచ్చే వరుస మరొకటి కావచ్చు. ఇవి కాక, పాత జెపెగ్‌ను నష్టం లేకుండా కుదించడం లాంటి సామర్థ్యం ఈ గ్రాఫుల్లో ఎక్కడా కనబడదు. దానికి పోటీ లేదు కాబట్టి పోలికా ఉండదు.

నాలుగోది నిజంగా బరువైన కారణం. బ్రౌజర్‌లో చేరే ప్రతి డీకోడర్ (ఫైల్‌ను విప్పి చూపించే కోడ్) దాడికి కొత్త తలుపు. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పి లైబ్రరీలోని హఫ్‌మన్ టేబుల్ కోడ్‌లో మెమరీ హద్దు దాటే లోపం బయటపడినప్పుడు, సీవీఈ-2023-4863 నంబరుతో, అన్ని పెద్ద బ్రౌజర్లూ అత్యవసరంగా ప్యాచ్ చేసుకోవాల్సివచ్చింది. లిబ్‌జెఎక్స్‌ఎల్ లక్ష లైన్లు దాటిన మల్టీథ్రెడెడ్ సీ ప్లస్ ప్లస్ కోడ్ అని, దాంతో దాడికి చోటు పెరుగుతుందని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కూడా 2024లో తన ఆందోళన చెప్పింది. అయితే మెమరీ భద్రత అన్న మాట క్రోమ్ 2022లో చెప్పిన నాలుగు కారణాల్లో లేదు. దాన్ని అప్పుడే షరతుగా పెట్టి ఉంటే సురక్షితమైన డీకోడర్ పని రెండేళ్ల ముందే మొదలయ్యేది. కాదని చెప్పే హక్కు ఏ ఇంజిన్‌కైనా (బ్రౌజర్ లోపల పేజీలను చూపించే ప్రధాన కోడ్‌కైనా) ఉంది. ఏం చేస్తే అవునంటారో చెప్పకుండా కాదనడమే అసలు నష్టం చేసింది.

ప్రమాణ సంస్థలు ఎందుకు ఆపలేకపోయాయి

హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఏ ఇమేజ్ ఫార్మాట్‌లను బ్రౌజర్లు చూపించి తీరాలో చెప్పదు. కావాలనే ఆ విషయం వదిలేసింది. కాబట్టి జెపెగ్ ఎక్స్‌ఎల్‌ను చూపించకపోయినా క్రోమ్ ప్రమాణాలకు పూర్తిగా కట్టుబడినట్టే. ఐఎస్‌ఓ ప్రమాణం ఫైల్‌లో ఏ బిట్ ఎక్కడుండాలో చెబుతుంది తప్ప దాన్ని ఎవరు అమలు చేయాలో చెప్పదు.

క్రోమ్ ఇంజిన్ అయిన బ్లింక్‌లో కొత్త ఫీచర్ డిఫాల్ట్‌గా ఆన్ కావాలంటే బహిరంగ మెయిలింగ్ జాబితాలో ప్రకటన పెట్టి, ఏపీఐ ఓనర్లు అనే పర్యవేక్షకుల్లో ముగ్గురి ఆమోదం తీసుకోవాలి. ప్రక్రియ పారదర్శకమే. కానీ ప్రకటన పెట్టడానికి ముందు ఆ కోడ్‌ను చూసుకునే బృందం ముందుకు రావాలి. ఆ బృందమే వద్దంటే విషయం ఆ ఓనర్ల దాకా పోదు. ఇక బ్రౌజర్ కంపెనీలు ఏటా కలిసి నడిపే ఇంటరాప్ కార్యక్రమం ఉంది. 2024 సంవత్సరానికి జెపెగ్ ఎక్స్‌ఎల్‌ను ప్రతిపాదించారు, మద్దతు వెల్లువెత్తింది, జాబితాలో మాత్రం చేరలేదు. అక్కడ ఏకాభిప్రాయం ఉంటేనే ఏదైనా చేరుతుంది, అంటే ఒక్కరు కాదన్నా చాలు.

ఓపెన్ సోర్స్ కదా, కావాల్సినవాళ్లు కోడ్ తిరిగి పెట్టుకోవచ్చు అంటారు. క్రోమియం కోడ్‌ను తీసుకుని విడిగా నడిపే థోరియం లాంటి చిన్న ఫోర్క్‌లు ఆ పని చేశాయి కూడా. దాని ఖర్చు చూడండి. 2021 సెప్టెంబర్‌లో క్రోమ్ నాలుగు వారాలకొక వెర్షన్ వదలడం మొదలుపెట్టింది. తీసేసిన డీకోడర్‌ను మోసే ఫోర్క్ ప్రతి వెర్షన్‌లోనూ మారిన అంతర్గత కోడ్‌తో తన ప్యాచ్‌ను కలుపుకోవాలి, పరీక్షించుకోవాలి, భద్రతా లోపం వస్తే గంటల్లో స్పందించాలి. పోనీ అంతా చేసినా దాని వినియోగదారుల కోసం వెబ్‌సైట్లు వేరే ఫైళ్లు తయారుచేయవు. ఒపేరా 2013లో సొంత ఇంజిన్ ప్రెస్టోను వదిలేసింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో క్రోమియంకు మారింది. ఆ రెండు ఇంజిన్లూ బతికి ఉంటే 2022లో ఈ ప్రశ్నకు జవాబిచ్చే చోట్లు మూడు కాకుండా ఐదు ఉండేవి.

మిగిలిన రెండు ఇంజిన్లలో ఫైర్‌ఫాక్స్ ఈ ఫార్మాట్‌ను నైట్లీ అనే పరీక్షా వెర్షన్‌లోని సెట్టింగ్‌కే పరిమితం చేసి, 2023 జనవరిలో తటస్థ వైఖరి ప్రకటించింది. సఫారీ మాత్రం 2023 సెప్టెంబర్‌లో 17వ వెర్షన్‌తో డిఫాల్ట్‌గా ఆన్ చేసింది. యానిమేషన్, ప్రోగ్రెసివ్ చూపింపు లేకపోయినా నిశ్చల చిత్రాలు చక్కగా వస్తాయి.

అదే దారిలో మరో రెండు ఫార్మాట్లు

వెబ్‌పిని గూగుల్ 2010లో ప్రకటించింది, 2011 నుంచి క్రోమ్ చూపిస్తోంది. అప్పటికి దానికి ఐఎస్‌ఓ ముద్ర లేదు, ఫైర్‌ఫాక్స్, సఫారీల మద్దతు లేదు. మొజిల్లా ఏళ్లపాటు ఒప్పుకోలేదు. ఉన్న జెపెగ్‌నే మెరుగ్గా కుదించే మోజ్‌జెపెగ్ మీద పని చేసింది. ఈలోగా సైట్లు క్రోమ్‌కు వెబ్‌పి పంపడం అలవాటు చేసుకున్నాయి. చివరకు ఫైర్‌ఫాక్స్ 2019 జనవరిలో, సఫారీ 2020లో చేర్చుకున్నాయి. ఎకోసిస్టమ్ ఆసక్తి అన్న గీటురాయి 2011లో వెబ్‌పికి పెట్టి ఉంటే అది ఎన్నటికీ గట్టెక్కేది కాదు.

ఏపీఎన్‌జీది తిరగేసిన కథ. మొజిల్లా పుట్టించిన ఈ కదిలే పీఎన్‌జీ 2008లో ఫైర్‌ఫాక్స్ 3లో వచ్చింది. క్రోమ్ 2017లో 59వ వెర్షన్‌లో చేర్చుకునే దాకా సైట్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2025 జూన్‌లో పీఎన్‌జీ మూడో కూర్పులో భాగంగా, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే ఒక కొలత దొరుకుతుంది: క్రోమ్ ఒక్కటే అవునంటే మిగతావాళ్లు పదేళ్లలో దిగొస్తారు, మిగతావాళ్లు అవునన్నా క్రోమ్ కాదంటే ఫార్మాట్ ఉన్నచోటే ఉంటుంది.

ఫొటో నిల్వ ఉన్నవాళ్లు ఏం చేయాలి

బ్రౌజర్ ఒప్పుకునే దాకా ఆగాల్సిన పని వేరు, ఆగనక్కర్లేని పని వేరు. నిల్వ మీ చేతిలో ఉంది. పంపే రూపం బ్రౌజర్ చేతిలో ఉంది. ఈ రెండిటినీ విడదీస్తే చాలా చిక్కులు పోతాయి: లోపల జెపెగ్ ఎక్స్‌ఎల్‌గా దాచుకుని, బయటకు అడిగిన రూపంలో పంపాలి.

మార్పిడికి సీజెఎక్స్‌ఎల్ అనే కమాండ్‌లైన్ టూల్ ఉంది. జెపెగ్ ఇస్తే దాన్ని డిఫాల్ట్‌గా లాస్‌లెస్ (నష్టం లేని) పద్ధతిలోనే మారుస్తుంది. అయినా స్క్రిప్ట్‌లో లాస్‌లెస్ జెపెగ్ ఆప్షన్‌ను విడిగా 1 అని రాయండి. ఎంత నాణ్యత వదులుకోవచ్చో చెప్పే డిస్టెన్స్ విలువ ఎవరైనా పొరపాటున జోడించినా ఫొటోలు నిశ్శబ్దంగా నాణ్యత కోల్పోకూడదు. కుదించడానికి ఎంత శ్రమ పెట్టాలో చెప్పే ఎఫర్ట్ విషయంలో డిఫాల్ట్ 7 చాలు. పాత జెపెగ్‌ల విషయంలో 9కి పెంచితే సమయం బాగా పెరుగుతుంది, సైజు కొద్దిగానే తగ్గుతుంది. పీఎన్‌జీ లాంటి మూలాల నుంచి కొత్తగా తయారుచేసేటప్పుడు డిస్టెన్స్ 1 దగ్గర మొదలుపెట్టండి, 0 అంటే పూర్తి లాస్‌లెస్. 3 దాటితే కంటికి తేడా తెలుస్తుంది.

అన్ని జెపెగ్‌లూ మారవు. అచ్చుపని కోసం తయారైన నాలుగు ఛానెళ్ల సీఎంవైకే ఫైళ్లు, అరిథ్‌మెటిక్ కోడింగ్ వాడిన ఫైళ్లు ఎర్రర్ ఇస్తాయి. వాటిని అలాగే వదిలేసి వేరే జాబితాలో రాసుకోవాలి. పిక్సెళ్లుగా విప్పి మార్చేద్దామనే తొందర వద్దు, అక్కడే రంగులు మారిపోతాయి.

మార్చిన ప్రతి ఫైల్‌నూ డీజెఎక్స్‌ఎల్ అనే జత టూల్‌తో తిరిగి జెపెగ్‌గా కట్టి, అసలు ఫైల్‌తో షా-256 విలువ (ఫైల్ వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చాలి. విలువలు కలిస్తేనే అసలును తీసేసే వరుసలో పెట్టాలి, అప్పుడు కూడా ఒక బ్యాకప్ చక్రం పూర్తయ్యాకే. నమూనాగా కొన్ని చూసి వదిలేయడం ఈ పనిలో చెల్లదు. నూటికి 99 సరిపోయినా కోటిలో లక్ష ఫొటోలు పోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది మెటాడేటా (ఫొటో గురించిన వివరాలు) దగ్గర. అసలు జెపెగ్‌ను తిరిగి కట్టడానికి జేబీఆర్‌డీ బాక్స్ ఒక్కటే చాలదు, తేదీ, కెమెరా లాంటి వివరాలుండే ఎగ్జిఫ్, ఎక్స్‌ఎంపీ బాక్స్‌లు కూడా మారకుండా ఉండాలి. మార్పిడి తర్వాత ఏదో ఆప్టిమైజర్ ఆ బాక్స్‌లను అనవసర బరువు అనుకుని తీసేసినా, ఎగ్జిఫ్‌లో తేదీ దిద్దినా, పునర్నిర్మాణం ఆగిపోతుంది. ఫొటో కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఈ నష్టం నెలల తర్వాత గానీ బయటపడదు. ఫొటో తీసిన చోటును సూచించే జీపీఎస్ వివరాలు తొలగించాల్సివస్తే జెపెగ్ దశలోనే తొలగించి, ఆ తర్వాత మార్చండి.

ఇక పంపడం. ఫొటో అడిగేటప్పుడు బ్రౌజర్ తను చూపించగల ఫార్మాట్లను యాక్సెప్ట్ హెడర్ అనే వరుసలో సర్వర్‌కు చెబుతుంది. సఫారీ 17 నుంచి అందులో ఇమేజ్/జెఎక్స్‌ఎల్ పేరు ఉంటుంది. క్రోమ్ పంపే హెడర్‌లో ఏవీఐఎఫ్, వెబ్‌పి ఉంటాయి, చివర్లో ‘ఇంకేదైనా సరే’ అనే అర్థంలో నక్షత్రం గుర్తులు ఉంటాయి. ఆ నక్షత్రాలను నమ్మి జెపెగ్ ఎక్స్‌ఎల్ పంపితే విరిగిన బొమ్మ గుర్తు కనబడుతుంది. ఫార్మాట్ పేరు అక్షరాలా ఉంటేనే పంపాలి.

బ్రౌజర్ పేరు చూసి నిర్ణయించడం ఇంకో ఉచ్చు. ఐఫోన్‌లో నడిచే క్రోమ్ లోపల ఉన్నది సఫారీలోని ఇంజినే, అంటే ఆపిల్ వారి వెబ్‌కిట్, ఆండ్రాయిడ్ క్రోమ్ లోపల ఉన్నది బ్లింక్. పేరు ఒకటే అయినా ఒకటి జెపెగ్ ఎక్స్‌ఎల్ చూపిస్తుంది, ఇంకొకటి చూపించదు.

హెడర్‌ను బట్టి వేర్వేరు ఫైళ్లు పంపేటప్పుడు జవాబులో వేరీ హెడర్‌లో యాక్సెప్ట్ అని ఉండాలి. అది లేకపోతే సఫారీకి పంపిన ఫైల్‌ను మధ్యలోని క్యాష్ దాచుకుని ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఇచ్చేస్తుంది. ఉంటే వేరే ఇబ్బంది: బ్రౌజర్‌కో రకం, వెర్షన్‌కో రకం యాక్సెప్ట్ వరుస ఉంటుంది కాబట్టి ఒకే ఫొటోకు క్యాష్‌లో పదుల కాపీలు పేరుకుని, ఫొటో క్యాష్‌లోనే దొరికే (హిట్) శాతం పడిపోతుంది. సీడీఎన్ (ఫైళ్లను వినియోగదారులకు దగ్గరి సర్వర్ల నుంచి పంపే నెట్‌వర్క్) అంచులోనే హెడర్‌ను జెఎక్స్‌ఎల్, ఏవీఐఎఫ్, జెపెగ్ అనే మూడు మాటల్లో ఒకదానికి కుదించి, ఆ మాటనే క్యాష్ కీలో కలపాలి. కొన్ని సీడీఎన్‌లు వేరీ హెడర్‌ను పట్టించుకోవు, వాటితో ఇదొక్కటే మార్గం. మూడు రూపాలకూ ఈట్యాగ్ (ఫైల్ కూర్పును గుర్తించే గుర్తు) వేర్వేరుగా ఉండేలా చూసుకోండి. సర్వర్‌లో ఫైల్ రకాల పేర్లు చెప్పే మైమ్ జాబితాలో ఇమేజ్/జెఎక్స్‌ఎల్ ఉందో లేదో కూడా సరిచూడండి, పాత కాన్ఫిగరేషన్లలో అది ఉండదు.

ఒకే ఫొటోకు పలు ఫార్మాట్లు రాసే హెచ్‌టీఎంఎల్ పిక్చర్ ట్యాగ్ వాడేవాళ్లు వరుస గమనించాలి. బ్రౌజర్ తనకు తెలిసిన మొదటి సోర్స్ దగ్గరే ఆగుతుంది. ఏవీఐఎఫ్‌ను పైన రాస్తే సఫారీ కూడా అదే తీసుకుంటుంది, కింద ఉన్న జెపెగ్ ఎక్స్‌ఎల్ ఎప్పటికీ డౌన్‌లోడ్ కాదు.

క్రోమ్‌లో కూడా చూపించాలని డీకోడర్‌ను వెబ్‌అసెంబ్లీగా (పేజీలోపలే నడిచే కోడ్ రూపంలో) పేజీతో పంపేవాళ్లున్నారు. ప్రదర్శనకు బాగుంటుంది, నిజమైన సైట్‌కు పనికిరాదు. డీకోడర్ దిగేదాకా ఫొటో మొదలు కాదు. బ్రౌజర్ ముందే పసిగట్టి ఫొటోలు తెప్పించుకునే సౌకర్యం పోతుంది. 6000×4000 ఫొటో ఒక్కటి విప్పితే నాలుగు బైట్ల చొప్పున 96 ఎంబీ జావాస్క్రిప్ట్ వైపు మెమరీలో కూర్చుంటుంది. వర్కర్‌లో (పేజీకి పక్కన విడిగా నడిచే థ్రెడ్‌లో) నడపకపోతే పేజీ స్క్రోల్ కూడా కాదు. పేజీలో ఏ కోడ్ నడవవచ్చో చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో వెబ్‌అసెంబ్లీకి అనుమతి తెరవాల్సిరావడం మరో భారం.

సోషల్ మీడియా ప్రివ్యూ బొమ్మలు, ఈమెయిల్ బొమ్మలు, ‘డౌన్‌లోడ్’ బటన్ కింద ఇచ్చే ఫైళ్లు మాత్రం ఎప్పుడూ జెపెగ్‌గానే ఉండాలి. అక్కడ ఫైల్‌ను చివరకు తెరిచేది బ్రౌజర్ కాకపోవచ్చు, యాక్సెప్ట్ హెడర్ మీద ఆధారపడలేం. జేబీఆర్‌డీ ఉన్న నిల్వ నుంచి అసలు జెపెగ్‌ను అప్పటికప్పుడు కట్టి ఇవ్వడం తేలికైన పనే, పిక్సెళ్ల దాకా వెళ్లనక్కర్లేదు.

2025 నవంబర్ తర్వాత

బ్రౌజర్ తలుపు మూసుకున్నా ఫార్మాట్ బయట పెరిగింది. అడోబీ 2023లో తన రా ఫొటో ఫార్మాట్ డీఎన్‌జీ 1.7లో దీన్ని చేర్చింది. ఐఫోన్ 16 ప్రో 2024లో ప్రోరా అనే ఆపిల్ రా ఫొటోలను ఈ కుదింపుతో దాచుకునే వీలిచ్చింది. 2024 సెప్టెంబర్‌లో మొజిల్లా తన వైఖరిని సవరించింది: గూగుల్ రీసెర్చ్ బృందం రస్ట్ భాషలో చిన్నదైన, సురక్షితమైన డీకోడర్ రాసి ఫైర్‌ఫాక్స్‌లో చేర్చడానికి ముందుకొచ్చిందని, అది ప్రమాణాలకు తూగితే ఫైర్‌ఫాక్స్‌లో విడుదల చేస్తామని చెప్పింది. జెఎక్స్‌ఎల్-ఆర్‌ఎస్ ప్రాజెక్ట్ అదే. 2025 నవంబర్‌లో క్రోమియం వైపు నుంచి కూడా మాట మారింది. మెమరీ పరంగా సురక్షితమై, వేగంగా పనిచేసే డీకోడర్‌ను ఎవరైనా చేర్చి, దీర్ఘకాలం చూసుకుంటామని హామీ ఇస్తే, మామూలు విడుదల నిబంధనలు నెరవేరాక క్రోమ్‌లో ఇస్తామన్నారు. 2022లో రావలసిన షరతు ఇదే.

ఆ రోజు కోసం సర్వర్‌లో మార్చాల్సింది దాదాపు ఏమీ ఉండకూడదు. యాక్సెప్ట్‌లో పేరు చూసి పంపే పద్ధతి పెట్టుకున్నవాళ్లకు ఆండ్రాయిడ్ క్రోమ్ నుంచి ఇమేజ్/జెఎక్స్‌ఎల్ అని వచ్చిన క్షణం నుంచే కొత్త ఫైళ్లు వెళ్లిపోతాయి. అందులోనే ప్రమాదమూ ఉంది. క్యాష్‌లో జెఎక్స్‌ఎల్ కాపీల అవసరం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, తక్కువ ధర ఫోన్లలో కొత్త డీకోడర్ వేగం అప్పటికి ఎవరూ పెద్ద స్థాయిలో పరీక్షించి ఉండరు. కాబట్టి జెఎక్స్‌ఎల్ వర్గానికి బ్రౌజర్ ఇంజిన్ వారీగా శాతం పరిమితి ఇప్పుడే పెట్టుకోవాలి. వెబ్‌కిట్‌కు 100, బ్లింక్‌కు మొదట 1. ఆ ఒక్క శాతంలో పెద్ద బొమ్మ కనబడే సమయాన్ని, బైట్ల మొత్తాన్ని ఏవీఐఎఫ్ వాళ్లతో పోల్చి, రెండూ బాగుంటేనే పెంచాలి. ఈ పరిమితి స్విచ్ సీడీఎన్ కాన్ఫిగరేషన్‌లోనే ఉండాలి. పేజీల్లో పిక్చర్ ట్యాగ్ వరుసగా రాసి పెడితే, వెనక్కి తీసుకోవాల్సిన రోజున పాత పేజీలన్నీ మళ్లీ బిల్డ్ చేయాల్సివస్తుంది.